పాముకు ఊరి పేరు: టెక్సస్ కింగ్‌స్నేక్‌ల పెంపకంలో లొకాలిటీ లెక్క

గ్రే-బ్యాండెడ్ కింగ్‌స్నేక్‌ను పెంచేవాళ్లకు పాము జాతి పేరు ఒక్కటే చాలదు. ఇది లాంగ్‌ట్రీ పాము, అది రివర్ రోడ్ పాము, ఆ మూలనున్నది బ్లాక్ గ్యాప్ అని చెప్పుకుంటారు. ఇవన్నీ పశ్చిమ టెక్సస్‌లో మెక్సికో సరిహద్దు పొడవునా ఉన్న ఊళ్లు, రోడ్లు, అడవి ప్రాంతాల పేర్లు. ఆ పాముగానీ దాని తల్లిదండ్రులుగానీ ఎక్కడ దొరికాయో ఆ చోటును పెంపకందారులు లొకాలిటీ అంటారు. ఒక లొకాలిటీ పామును అదే లొకాలిటీ పాముతోనే జతకట్టించాలని పట్టుబట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అదే జాతి అయినా వేరే రోడ్డు దగ్గర పట్టినదైతే దానితో కలపరు.

బయటివాళ్లకు ఇది చాదస్తంలా కనిపించవచ్చు. కానీ దీని వెనుక బలమైన కారణం ఉంది. లొకాలిటీ అనేది పాము ఒంటి మీద రాసి ఉండదు. ఫలానా రాత్రి ఫలానా చోట పట్టాను అని ఒక మనిషి చెప్పిన మాట, ఆ మాటను తరాల పాటు మోసుకొచ్చిన కాగితం, ఈ రెండే దానికి ఆధారాలు. ఆ కాగితం ఒక్కసారి తెగిపోతే పామును ఎంతసేపు చూసినా అది ఎక్కడిదో చెప్పలేం. ఈ పెంపకంలోని మంచీ చెడూ రెండూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

ముందు పాము సంగతి. దీని శాస్త్రీయ నామం లాంప్రోపెల్టిస్ ఆల్టెర్నా. విషం లేదు. పూర్తిగా పెరిగితే సుమారు మీటరు పొడవు ఉంటుంది. చిహువాహువాన్ ఎడారిలోని రాతి కొండల నెర్రెల్లో బతుకుతుంది, రాత్రిపూట మాత్రమే బయటికొస్తుంది. సరిహద్దుకు అవతల మెక్సికోలోని కోహువిలా లాంటి రాష్ట్రాల్లోనూ, ఉత్తరాన న్యూ మెక్సికో అంచుల్లోనూ ఉంది. మన తూర్పు కనుమల్లో కనిపించే కింగ్ కోబ్రాకూ దీనికీ పేరులో పోలికే తప్ప దగ్గరి చుట్టరికం లేదు. ఇతర పాములను తినే అలవాటు కింగ్‌స్నేక్‌ల గుంపులో ఉంది. ఈ జాతికి మాత్రం బల్లులంటేనే ఎక్కువ ఇష్టం.

దీన్ని 1901లో ఆర్థర్ ఎర్విన్ బ్రౌన్ మొదటిసారి శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆయన వర్ణించిన పాము పశ్చిమ టెక్సస్‌లోని డేవిస్ పర్వతాలది. బూడిద రంగు ఒంటి మీద సన్నని నల్ల పట్టీలు, వాటి మధ్య విరిగిన చిన్న చారలు ఉన్న రూపం అది. 1950లో టెక్సస్‌లోనే టెరెల్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నుంచి వచ్చిన మరో పాముకు లాంప్రోపెల్టిస్ బ్లెయిరి అని వేరే జాతి పేరు పెట్టారు. దాని ఒంటి మీద వెడల్పాటి నారింజ-ఎరుపు పట్టీలు, వాటి చుట్టూ నల్ల అంచులు ఉన్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరైనా రెండు జాతులనే అనుకుంటారు. అప్పట్లో దొరికిన పాములు కూడా చాలా తక్కువ. ఇది ప్రపంచంలోనే అరుదైన పాముల్లో ఒకటని చాలాకాలం నమ్మారు.

తర్వాత ఒకే తల్లి పెట్టిన ఒకే విడత గుడ్ల నుంచి రెండు రూపాల పిల్లలూ బయటికొచ్చాయి. 1970 నాటికి ఈ సంగతి అచ్చులోకి ఎక్కింది. బ్లెయిరి అనే జాతి పేరు పోయి, ఒక రంగు రూపానికి గుర్తుగా మిగిలింది. పెంపకందారులు ఇప్పటికీ ఆల్టెర్నా ఫేజ్, బ్లెయిర్స్ ఫేజ్ అంటారు. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ విషయంలోనూ ఇంతకుముందే ఇలాంటిదే జరిగింది. శాన్ డియేగో ప్రాంతంలో అడ్డపట్టీలున్న పాములు, నిలువు చారలున్న పాములు వేర్వేరు జాతులని అనుకునేవారు. అవి ఒకే తల్లి పిల్లలు కాగలవని లారెన్స్ క్లౌబర్ 1930లలో గుడ్లు పొదిగించి చూపించాడు.

కాబట్టి రంగు చూసి చోటు చెప్పడం కుదరదు. తూర్పున వాల్ వర్డీ కౌంటీ వైపు బ్లెయిర్స్ రూపం ఎక్కువగా, పడమటి వైపు ఆల్టెర్నా రూపం ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ అది మొత్తం గుంపులో కనిపించే మొగ్గు మాత్రమే, ఒక్కో పాముకు దాన్ని అన్వయించలేం. "చూడగానే తెలుస్తుంది, ఇది లాంగ్‌ట్రీ పామే" అని అమ్మేవాడు అన్నాడంటే, కాగితం అడగాల్సిన సమయం అదే.

ఇంతకీ ఈ లొకాలిటీ పేర్లన్నీ రోడ్ల పేర్లే ఎందుకయ్యాయి? టెక్సస్‌లో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటు చేతుల్లో ఉంది. వేల ఎకరాల పశువుల రాంచ్‌లలోకి యజమాని అనుమతి లేకుండా అడుగుపెట్టడానికి లేదు. మిగిలిన దారి రోడ్డు ఒక్కటే. రోడ్డు వేయడానికి సున్నపురాయి కొండలను తొలిచిన చోట రెండు పక్కలా రాతి గోడలు మిగులుతాయి. వీటిని రాక్ కట్స్ అంటారు. ఆ గోడల నెర్రెల్లోంచి పాములు రాత్రిళ్లు బయటికొస్తాయి. మే చివరి నుంచి జులై మొదటి వారాల దాకా వెతికేవాళ్లు ఆ దారుల్లో మెల్లగా కారు నడుపుతూనో, తలకు లైటు కట్టుకుని గోడల వెంట నడుస్తూనో గాలిస్తారు. లజీటాస్ నుంచి ప్రెసిడియో వెళ్లే ఎఫ్.ఎం. 170 రోడ్డే పెంపకందారుల నోట రివర్ రోడ్ అయింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. లొకాలిటీల మ్యాప్ అంటే పాములు ఎక్కడ వేరువేరు గుంపులుగా ఉన్నాయో చూపించే మ్యాప్ కాదు, మనుషులు ఎక్కడ వెతకగలిగారో చూపించే మ్యాప్. రెండు రోడ్ల మధ్య 40 కిలోమీటర్ల కొండ ప్రాంతం ఉంటే అక్కడా పాములుంటాయి, కానీ వాటికి పేరు లేదు. ఒకే కొండ వరుసను రెండు రోడ్లు రెండు చోట్ల కోస్తే, ఒకే గుంపు పాములకు రెండు లొకాలిటీ పేర్లు పడవచ్చు. ఒక పొడవాటి రోడ్డు మూడు రకాల భూమి మీదుగా వెళ్తే, మూడు గుంపులకు ఒకే పేరు పడవచ్చు. అందుకే పట్టు ఉన్న పెంపకందారులు రోడ్డు పేరుతో ఆగరు. కౌంటీ, రోడ్డు నంబరు, దగ్గరి ఊరి నుంచి దూరం, దిక్కు, తేదీ రాసుకుంటారు. జీపీఎస్ వచ్చాక అంకెలూ రాస్తున్నారు. ఆ అంకెలను బయటపెట్టకపోవడం కూడా మర్యాదే, ఎందుకంటే మరుసటి వారం ఆ గోడ మీదికి పదిమంది చేరతారు.

చట్టం సంగతీ రోడ్డుతోనే ముడిపడి ఉంది. 2007లో టెక్సస్ రాష్ట్రం పబ్లిక్ రోడ్ల మీద, వాటి పక్క హద్దుల్లో పాములను పట్టడాన్ని నిషేధించింది. ఈ హాబీకి అది పెద్ద దెబ్బ. 2011లో సడలింపు వచ్చింది. వేట లైసెన్సుతో పాటు సరీసృపాలు, ఉభయచరాల కోసం ప్రత్యేక స్టాంపు (అదనపు అనుమతి) కొని, వెలుగు పడితే మెరిసే చొక్కా వేసుకుని, కాలినడకన రోడ్డు పక్క వెతకవచ్చు. కారులో కూర్చుని గోడల మీదికి లైటు వేయకూడదు. న్యూ మెక్సికోలో ఈ పాము అంతరించే ప్రమాదమున్న జాతుల రాష్ట్ర జాబితాలో ఉంది. అక్కడ పట్టకూడదు. ఒక రాష్ట్రంలోగానీ ఇంకో దేశంలోగానీ అక్రమంగా పట్టినదాన్ని రాష్ట్రం దాటించి అమ్మితే, వన్యప్రాణుల అక్రమ వ్యాపారాన్ని అడ్డుకునే అమెరికా కేంద్ర చట్టమైన లేసీ చట్టం కింద నేరం అవుతుంది. అందువల్ల సరైన కాగితం లేని మెక్సికో లొకాలిటీ పాము ఎంత అందంగా ఉన్నా అనుమానించాల్సిందే. డాలస్, ఆస్టిన్‌ల నుంచి సెలవులకు బిగ్ బెండ్ నేషనల్ పార్క్ వెళ్లే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ పార్కు హద్దుల్లో ఏ పామునూ పట్టడానికి వీల్లేదు. ఫోటో తీసుకుని వదిలేయాలి.

అడవిలో పట్టిన పామును ఇంటికి తెచ్చాక మొదటి పని దాన్ని విడిగా ఉంచడం. కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే నీళ్ల గిన్నెతో, వేరే పట్టకారుతో ఉంచాలి. రోజూ మిగతా పాముల పని అంతా ముగిశాకే దాని దగ్గరికి వెళ్లాలి. పైకి కనిపించే పేలలాంటి మైట్స్‌ను వదిలించవచ్చు, పేగుల్లోని పురుగులకు మందు ఉంది. అసలు భయం క్రిప్టోస్పోరిడియం సర్పెంటిస్ అనే సూక్ష్మజీవితో. అది సోకిన పాము తిన్నది కక్కేస్తుంది, ఒంటి మధ్యలో వాపు వస్తుంది, క్రమంగా చిక్కిపోతుంది. నమ్మకంగా నయం చేసే మందు లేదు. మామూలు శానిటైజర్లకు లొంగదు. లక్షణాలు కనపడకుండానే నెలల తరబడి మలంలో బయటికి వదులుతూ ఉండే పాములుంటాయి, కాబట్టి ఒక్క పరీక్షలో లేదని వస్తే సంబరపడకూడదు. ఇరవై ఏళ్లు కాపాడుకున్న లైన్, అంటే తరతరాలుగా పెంచుకొచ్చిన సంతతి మొత్తం ఒక్క కొత్త పాము వల్ల పోవచ్చు.

ఇది సిగ్గరి పాము. పెద్ద గాజు పెట్టెలో నలుగురి ముందూ పెడితే తినదు. ఒంటికి ఆనుకునేంత ఇరుకైన రాతి పలకల సందు, చీకటి, ఒక వైపు వెచ్చదనం, మరో వైపు చల్లదనం ఉంటే చాలు. పెద్ద పాములు చాలావరకు కొన్ని వారాల్లో ఎలుక పిల్లలకు అలవాటు పడతాయి.

జతకట్టించాలంటే ముందు చలికాలం ఇవ్వాలి. శరదృతువు చివర్లో మేత ఆపి, కడుపు ఖాళీ అయ్యేదాకా రెండు వారాలు ఆగి, తర్వాత సుమారు మూడు నెలలు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర చీకట్లో వదిలేస్తారు. నీళ్లు మాత్రం ఉండాలి. కడుపులో మేత ఉండగానే చల్లబరిస్తే అది లోపలే కుళ్లి పాము చనిపోతుంది. వసంతంలో వెచ్చబరిచి బాగా మేపితే, ఆడపాము కుబుసం విడిచాక మగపామును ఒప్పుకుంటుంది. గుడ్లు పెట్టడానికి వారం, పది రోజుల ముందు మళ్లీ కుబుసం విడుస్తుంది. అది చూసి తడి నాచు పెట్టిన డబ్బా సిద్ధం చేస్తారు. గుడ్లను తేమను పట్టి ఉంచే ఖనిజపు పొట్టు అయిన తడి వర్మిక్యులైట్‌లో 27 డిగ్రీల దగ్గర ఉంచితే రెండు నుంచి రెండున్నర నెలల్లో పిల్లలు బయటికొస్తాయి.

కష్టం అక్కడ మొదలవుతుంది. ఈ పిల్లలు పుట్టుకతో బల్లుల కోసం చూస్తాయి. కళ్లు తెరవని గులాబీ రంగు ఎలుక పిల్ల వాటికి తిండిలా కనిపించదు. అందుకని ఎలుక పిల్లను కడిగి, బల్లి ఒంటికి రుద్ది, ఆ వాసనతో మోసం చేసి తినిపిస్తారు. కొన్ని మొదటిసారే తింటాయి. కొన్ని నెలల తరబడి మొండికేస్తాయి. కొన్ని బల్లి తప్ప ఇంకేదీ ముట్టకుండా చనిపోతాయి.

లొకాలిటీ పెంపకం గురించి మాట్లాడేవాళ్లు రంగుల ఎంపికను గట్టిగా విమర్శిస్తారు. ఈ మేత జల్లెడ గురించి అంతగా మాట్లాడరు. కొండ మీద బల్లులను వేటాడటంలో గట్టి పిల్ల ఏదో, ప్లాస్టిక్ డబ్బాలో ఎలుక పిల్లను ఒప్పుకునే పిల్ల ఏదో, ఆ రెండూ ఒకటే కానక్కర్లేదు. మొదటి తరంలోనే మనిషి ఇల్లు తనకు నప్పే పాములను ఏరుకుంటుంది. రెండో తరానికి, మూడో తరానికి ఆ ఏరివేత పేరుకుంటుంది. కాగితం మీద రాసిన లాంగ్‌ట్రీ అనే పేరు మారదు. ఆ పేరు కింద ఉన్న పాము మాత్రం మెల్లగా మారుతూ ఉంటుంది. దీన్ని పూర్తిగా ఆపలేం. కనీసం మేత పట్టని పిల్లలకు ఓపికగా బల్లులు పెడుతూ కాపాడుకొస్తే తగ్గించవచ్చు. అలా ఓపిక పట్టేవాళ్లే ఈ పనిలో అసలైన పెంపకందారులు.

ఇంకో లెక్క మరీ నిక్కచ్చిగా ఉంటుంది. అడవిలోని ఒక గుంపు నుంచి చుట్టరికం లేని రెండు పాములనే తెచ్చి లైన్ మొదలుపెడితే, ఆ గుంపులోని జన్యు వైవిధ్యంలో సగటున 75 శాతమే చేతికొస్తుంది. ఐదింటితో మొదలుపెడితే 90 శాతం, పదింటితో 95 శాతం. ఇది వ్యవస్థాపకుల, అంటే లైన్ మొదలుపెట్టిన పాముల సంఖ్యను బట్టి వచ్చే సూత్రం, దీనికి పాముల జాతితో పని లేదు. తర్వాత అన్నాచెల్లెళ్లను కలిపితే పిల్లల్లో అంతఃప్రజనన గుణకం (దగ్గరి చుట్టాలను కలపడం వల్ల తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే జన్యు ప్రతి వచ్చే అవకాశం) 0.25 అవుతుంది. ఆ పిల్లల్లో మళ్లీ అన్నాచెల్లెళ్లను కలిపితే 0.375, ఆ పై తరంలో 0.5. లొకాలిటీ పాములు చాలావరకు ఒక జంటతోనో, ఒక మగ, రెండు ఆడ పాములతోనో మొదలవుతాయి. పక్క రోడ్డు పామును కలపకూడదనే నియమం వల్ల బయటి రక్తం రాదు. అంటే కాగితాన్ని శుద్ధంగా ఉంచాలన్న పట్టుదలే పామును బలహీనపరచగలదు. గుడ్లు సరిగ్గా పొదగకపోవడం, వెన్ను వంకర పిల్లలు పుట్టడం మొదలైనప్పుడు ఒక నిర్ణయం తీసుకోవాలి.

దీనికి మంచి దారి, ఒకే లొకాలిటీ మీద పనిచేసేవాళ్లు పాములను ఇచ్చిపుచ్చుకోవడం. అదే రాక్ కట్ దగ్గర వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు చేతుల్లో పడిన పాములుంటాయి. వాటి పిల్లలను మార్చుకుంటే శుద్ధి పోదు, రక్తమూ మారుతుంది. గుడ్లతో ఉన్న ఆడపాము దొరికితే అది ఇంకా విలువైనది. దానితో జతకట్టిన మగపాము ఆ కొండదే కాబట్టి, మనిషి ఎంపిక కలవని ఒక విడత పిల్లలు వస్తాయి. ఆడపాములు ఒకటికంటే ఎక్కువ మగపాములతో జతకట్టే అవకాశమూ ఉంది కాబట్టి, ఒక్క విడతలోనే ఇద్దరు తండ్రుల పిల్లలు ఉండవచ్చు. ఇలాంటి తల్లి దొరికినప్పుడు పిల్లలు పుట్టాక ఆమెను పట్టిన చోటే వదలాలనిపించడం సహజం. కానీ నెలల పాటు ఇతర పాములున్న ఇంట్లో గడిపిన జంతువును అడవిలోకి తిరిగి పంపితే దానితోపాటు ఏ జబ్బు వెళ్తుందో తెలియదు. వదలకూడదు.

ఈ మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ఇంట్లో పుట్టిన లొకాలిటీ పాములు అడవికి బీమా అని కొందరు అంటుంటారు. ఆ వాదన నిలబడదు. టెక్సస్‌లో ఈ పాముకు బతకడానికి రాతి కొండలు ఇంకా బోలెడున్నాయి, దానికి కావలసింది ఆ కొండలు మిగలడమే. పెంపుడు పాములు బయటపడితే ఏం జరుగుతుందో స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా దీవి చూపించింది. అక్కడ 1998లో కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు బయట కనిపించడం మొదలైంది. తప్పించుకున్నవో వదిలేసినవో అయిన పెంపుడు పాముల సంతతి అది, వాటిలో అల్బినోలు కూడా ఉన్నాయి. పాములే లేని ఆ దీవిలోని బల్లులకు పాము అంటే ఏమిటో తెలియదు. పాములు పాతుకున్న ప్రాంతాల్లో ఆ దీవికే ప్రత్యేకమైన పెద్ద బల్లి దాదాపు కనుమరుగైందని 2021లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఏళ్ల తరబడి వేల పాములను పట్టినా వాటిని తుడిచిపెట్టలేకపోయారు.

మరైతే లొకాలిటీ రికార్డుతో ఏం ప్రయోజనం? పేర్లు మారినప్పుడు దాని విలువ తెలుస్తుంది. అమెరికా అంతటా ఉన్న కామన్ కింగ్‌స్నేక్‌ను 2009లో జన్యు పరిశీలన ఆధారంగా ఐదు జాతులుగా విడగొట్టారు. అప్పటిదాకా కామన్ కింగ్‌స్నేక్ అని మాత్రమే రాసుకున్నవాడి దగ్గర ఉన్నది ఏ జాతో చెప్పలేని పరిస్థితి వచ్చింది. కౌంటీ పేరు రాసుకున్నవాడికి ఇబ్బంది లేదు, పాత చోటును కొత్త మ్యాప్‌లో వెతుక్కుంటే చాలు. ఇంట్లో ఎవరైనా రెండు ప్రాంతాల పాములను కలిపేసి ఉంటే, పాలలో కలిసిన నీళ్లను వేరుచేయలేనట్టే వాటిని ఇక విడదీయలేరు. పైగా కింగ్‌స్నేక్‌లు దగ్గరి జాతులతోనే ఆగవు. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌కూ కార్న్ స్నేక్‌కూ పుట్టిన సంకరాలు కూడా పిల్లలు పెట్టగలవు. అలాంటి సంకర పిల్ల ఒకటి కింగ్‌స్నేక్ పోలికతో పుట్టి, పేరు మార్చుకుని లొకాలిటీ లైన్‌లోకి చొరబడవచ్చు.

మన దగ్గర కూడా దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2024లో పి. గౌరీశంకర్, ఆయన బృందం కింగ్ కోబ్రాను నాలుగు జాతులుగా గుర్తించారు. పశ్చిమ కనుమలది ఇప్పుడు ఓఫియోఫేగస్ కాళింగ అనే వేరే జాతి. ఎక్కడ పట్టారో రాసిపెట్టకుండా ఏదైనా జంతు ప్రదర్శనశాలలో కింగ్ కోబ్రా ఉంటే, అది ఏ జాతిదో తేల్చాలంటే ఇప్పుడు లాబ్‌కు వెళ్లాల్సిందే. ఇళ్లలో దొరికిన పాములను పట్టి దూరపు అడవుల్లో వదిలే స్నేక్ క్యాచర్లకు కూడా ఇది పనికొచ్చే సంగతి, ఎందుకంటే ఎక్కడ పట్టారో, ఎక్కడ వదిలారో రాసే అలవాటు మనవాళ్లలో ఇంకా అందరికీ లేదు. మన చట్టం మాత్రం టెక్సస్‌లా లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో ఉన్న పాములను పట్టి ఇంట్లో పెంచడం నేరం, ఏ స్టాంపు కొన్నా కుదరదు.

టెక్సస్ పెంపకందారుల దగ్గర ఇప్పుడు 40, 50 ఏళ్ల నాటి లైన్లు ఉన్నాయి. మొదట పట్టినవాళ్లు పెద్దవాళ్లైపోయారు. ఒకరు చనిపోతే పాములు వేలానికో, బంధువుల చేతికో వెళ్తాయి. నోటుపుస్తకం చెత్తబుట్టకు వెళ్తుంది. ఆ రోజుతో ఆ పాములు లొకాలిటీ పాములు కాకుండా పోతాయి, ఒక్క జన్యువూ మారకపోయినా. దీన్ని ఆపడం పెద్ద కష్టం కాదు, ఖర్చూ కాదు. ప్రతి పాముతో పాటు దాని తల్లిదండ్రుల వివరం, పట్టిన చోటు, తేదీ, తరం రాసిన కాగితం కొన్నవాడికి ఇవ్వాలి. దాని నకలు ఒకటి అమ్మినవాడి దగ్గర, ఇంకొకటి అదే లొకాలిటీ మీద పనిచేసే మరొకరి దగ్గర ఉండాలి. కుబుసం నుంచి డీఎన్ఏ తీయవచ్చు కాబట్టి అడవి నుంచి తెచ్చిన ప్రతి పాము కుబుసాన్ని ఆరబెట్టి, చోటు, తేదీ రాసిన కవరులో దాచాలి. రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన పాము కనపడితే, తీసుకోవడానికి ఏ అనుమతి కావాలో ముందే కనుక్కుని యూనివర్సిటీ మ్యూజియంకు అందజేయాలి. లాంగ్‌ట్రీ పేరుతో అమ్ముడయ్యే పాము నిజంగా లాంగ్‌ట్రీదేనా అని రేపు ఎవరైనా పరీక్షించాలనుకుంటే, పోల్చి చూడటానికి ఆ కవర్లు, ఆ మ్యూజియం సీసాలు తప్ప వేరే ఆధారం ఉండదు.